వైడియా టూల్స్ సానపట్టే షాపుల ఓనర్లకు ఒక బహిరంగ లేఖ

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, విజయవాడ ఆటోనగర్, విశాఖ ఆటోనగర్, ఇంకా చిన్నాపెద్దా ఊళ్లన్నిటిలో టూల్స్‌కీ రంపం బ్లేడ్లకీ సానపట్టే షాపులు నడుపుతున్న ఓనర్లకు, అలాగే బోరు బండ్ల యజమానులకు,

నమస్కారం.

నేను ఐటీఐలో మెషినిస్ట్ ట్రేడ్ చదివి, టూల్ అండ్ కట్టర్ గ్రైండర్ మీదే ఎక్కువ కాలం బతికినవాణ్ణి. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు, ఎందుకంటే మీలో చాలామంది కూడా ఒకప్పుడు సానపట్టే వీల్ ముందు నిలబడి, చేతులు నల్లగా చేసుకుని, అప్పు తెచ్చి ఒక మెషిన్ కొనుక్కుని షాపు పెట్టుకున్నవాళ్లే. నేను అడిగేది ఒక్కటే. కార్బైడ్ పనిముట్లకు, అంటే మనం వైడియా అనేవాటికి, సానపట్టే ప్రతి వీల్ దగ్గరా పొడిని అక్కడికక్కడే లాగేసే సక్షన్ పెట్టించండి. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడవుగా రాయాలి, దయచేసి చివరిదాకా చదవండి.

బయటివాళ్లకి కార్బైడ్ అనగానే మామిడికాయలు గుర్తొస్తాయి. అది కాల్షియం కార్బైడ్. సున్నాన్నీ కోక్ బొగ్గునీ కరెంటు కొలిమిలో రెండు వేల డిగ్రీల దాకా కాలిస్తే వస్తుంది, నీళ్లు తగలగానే ఎసిటిలిన్ గ్యాస్ వదులుతుంది, గ్యాస్ వెల్డింగ్‌కి ఆ గ్యాసే వాడతాం. దాన్ని పళ్లు మగ్గబెట్టడానికి వాడటం మన దేశంలో నిషేధం. దాని గురించి ప్రతి వేసవిలో పేపర్లలో వస్తుంది, రావాలి కూడా. నేను రాసేది మాత్రం మన షాపుల్లో ఉండే కార్బైడ్ గురించి, అంటే టంగ్‌స్టన్ కార్బైడ్ గురించి. దీని గురించి ఏ పేపర్లోనూ రాదు, ఎందుకంటే దీని పొడి పీల్చేది మనమే, కొనుక్కుని తినే జనం కాదు.

ఈ కార్బైడ్ లేకపోతే మన చుట్టూ ఎన్ని పనులు ఆగిపోతాయో ఒకసారి చూడండి. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ లేత్ మీద బిగించే ఇన్సర్ట్, అంటే లోహాన్ని కోసే చిన్న ముక్క, దీనిదే, లోహాన్ని చెక్కే ఎండ్‌మిల్ దీనిదే. సెల్‌ఫోన్ సర్క్యూట్ బోర్డుకి వెంట్రుకంత రంధ్రాలు వేసే డ్రిల్లూ, తీగని సన్నగా లాగే అచ్చు, అంటే డై కూడా ఇదే. మందుల కంపెనీల్లో ట్యాబ్లెట్లు ఒత్తే డైలలో లోపలి పొర చాలాచోట్ల ఇదే వేస్తారు, మన హైదరాబాద్ చుట్టుపక్కల ఎన్ని మందుల కంపెనీలున్నాయో మీకు తెలుసు. పిల్లలు పరీక్ష రాసే బాల్‌పెన్ను మొనలో తిరిగే చిన్న గుండు కూడా చాలావరకు టంగ్‌స్టన్ కార్బైడే. తెలంగాణలో నల్లరాయి పగలగొట్టుకుంటూ దిగే బోరు బిట్టుకి ముందు భాగాన గుండ్రంగా కనిపించే బటన్లు కూడా ఇవే.

దీని కథ మొదలైంది బల్బుల ఫ్యాక్టరీలో. బెర్లిన్‌లో ఓస్రామ్ కంపెనీవాళ్లు బల్బు లోపలి టంగ్‌స్టన్ తీగ లాగడానికి వజ్రపు డైలు వాడేవాళ్లు, అవి విపరీతమైన ఖరీదు. దానికి బదులు ఏముందా అని వెతుకుతూ 1923లో కార్ల్ ష్రోటర్ అనే ఆయన టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిలో కోబాల్ట్ పొడి కలిపి, ఒత్తి, కాల్చి గట్టి ముక్క చేశాడు. తర్వాత క్రుప్ కంపెనీ ఆ హక్కులు కొని విడియా అనే పేరుతో అమ్మింది. మనం ఇప్పటికీ వైడియా బిట్ అంటున్నది ఆ పేరునే.

ఇందులో మనం గమనించాల్సింది కోబాల్ట్‌ని. టంగ్‌స్టన్ కార్బైడ్ గింజలు వాటంతటవి ఒకదానికొకటి అంటుకోవు. 1400 డిగ్రీల దగ్గర కోబాల్ట్ కరిగి గింజల మధ్యలోకి పాకి, చల్లారాక వాటన్నిటినీ పట్టి ఉంచుతుంది. మామూలు గ్రేడ్లలో ఆరు నుంచి పన్నెండు శాతం దాకా కోబాల్ట్ ఉంటుంది, దెబ్బలు తట్టుకోవాల్సిన పనిముట్లలో ఇంకా ఎక్కువే ఉంటుంది. హైస్పీడ్ స్టీల్ ఆరువందల డిగ్రీలు దాటితే మెత్తబడిపోతుంది, కార్బైడ్ దానికన్నా చాలా వేడిలో కూడా నిలబడుతుంది, అందుకే మనందరికీ అదే కావాలి. కానీ దానికి సానపట్టేటప్పుడు వచ్చే పొడిలో ఈ కోబాల్ట్ కూడా ఉంటుంది.

ఆ పొడి ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుందని తెలిసింది ఈమధ్య కాదు. 1940లోనే జర్మనీలో కార్బైడ్ కార్మికుల ఎక్స్‌రేల్లో మార్పులు చూసి రాశారు. దాన్ని హార్డ్ మెటల్ జబ్బు అంటారు. మొదట పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం, బరువు తగ్గడం. ఊపిరితిత్తుల లోపల మామూలు కణాలకన్నా చాలా పెద్ద కణాలు తయారై, పక్క కణాల్ని మింగేస్తూ కనిపిస్తాయి, ఇది మరే జబ్బులోనూ ఇలా ఉండటం చాలా అరుదు. పట్టించుకోకుండా వదిలేస్తే ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది, అప్పుడిక వెనక్కి రాదు. కొందరికి ఇలా కాకుండా ఉబ్బసంలా వస్తుంది, ఇంకొందరికి చేతుల మీద దురద, పుండ్లు వస్తాయి. కోబాల్ట్ కలిసిన టంగ్‌స్టన్ కార్బైడ్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2006లో వెలువరించిన తన సంపుటిలో మనుషులకి బహుశా క్యాన్సర్ తెచ్చే వాటి జాబితాలో పెట్టింది కూడా.

తప్పు కోబాల్ట్‌దేనని ఎలా తేలిందంటే, బెల్జియంలో వజ్రాలకి పాలిష్ పెట్టే కార్మికులకి ఇదే జబ్బు వచ్చింది. వాళ్ల పనిలో టంగ్‌స్టన్ కార్బైడ్ లేదు. వజ్రపు పొడిని కోబాల్ట్‌తో అతికించిన డిస్కుల మీద పనిచేసేవాళ్లు, అంతే. కార్బైడ్ తోడైతే కోబాల్ట్ ఇంకా చురుగ్గా పనిచేసి కణాలకి మరింత హాని చేస్తుందని తర్వాత ల్యాబుల్లో చూపించారు.

ఎంత పొడి ఉంటే ప్రమాదం అంటారా, ఒక చిన్న లెక్క వేద్దాం. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ, షిఫ్టు మొత్తం మీద సగటున ఒక ఘనమీటరు గాలిలో కోబాల్ట్ 0.05 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది. మన షాపు ఇరవై అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల ఎత్తు ఉందనుకోండి. దాదాపు 200 ఘనమీటర్ల గాలి. అంటే ఆ షాపు గాలి మొత్తంలో పది మిల్లీగ్రాముల కోబాల్ట్ తేలితే హద్దు తాకినట్టే. పది శాతం కోబాల్ట్ ఉన్న కార్బైడ్ లెక్కన అది ఒక గ్రాములో పదో వంతు పొడి. కార్బైడ్ ఇనుముకన్నా దాదాపు రెండింతలు బరువు కాబట్టి ఆ పదో వంతు గ్రాము చూడటానికి ఒక బియ్యపు గింజకి మించి ఉండదు. ఒక ఎండ్‌మిల్‌కి మొన తీస్తే ఎంత పొడి పోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ పొడిలో చాలావరకు కిందపడుతుంది, నిజమే, కానీ కిందపడనిదే ముక్కులోకి పోయేది.

ఇది కంటికి కనపడకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇనుము గ్రైండ్ చేస్తే నిప్పురవ్వలు లేస్తాయి, మనిషి జాగ్రత్తపడతాడు, ముఖం పక్కకి తిప్పుకుంటాడు. కార్బైడ్ గ్రైండ్ చేస్తే రవ్వలు దాదాపు ఉండవు, వీల్‌ని ఆనుకుని కాస్త ఎర్రటి గీత కనపడుతుంది, అంతే. అంచు సరిగ్గా పడుతోందా లేదా చూడాలి కాబట్టి కుర్రాడు ఇంకా దగ్గరికి వంగుతాడు. మూతి వీల్‌కి జానెడు దూరంలో ఉంటుంది. సాయంత్రానికి కిటికీ చువ్వల మీద, ట్యూబ్‌లైట్ మీద పేరుకున్న ఆ బూడిదరంగు పొడిని చూడండి, పగలంతా గాలిలో తిరిగింది అదే.

చాలామంది నాతో అనే మాట నాకు తెలుసు. ముప్పై ఏళ్లుగా చేస్తున్నాను, నాకేం కాలేదు అంటారు. నిజమే అయ్యుంటుంది. ఈ జబ్బు అందరికీ రాదు. కొందరి ఒంటితీరు, అంటే పుట్టుకతో వచ్చిన కొన్ని జన్యువులు, కోబాల్ట్‌కి ఎక్కువ స్పందిస్తాయని పరిశోధనలు చెప్తున్నాయి. అలాంటి మనిషికి ఏళ్లు అక్కర్లేదు, నెలల్లోనే రావచ్చు. ఎవరికి వస్తుందో ముందుగా మొహం చూసి చెప్పలేం. మీకు రాలేదు కాబట్టి మీ షాపులో కొత్తగా చేరిన పందొమ్మిదేళ్ల కుర్రాడికి రాదని ఎలా అనగలం?

నాకు పని నేర్పిన ఉస్తాద్ ఒకాయనకి వచ్చింది. చేతిలో అంత నేర్పు ఉన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు, గేజ్ పెట్టకుండా కోణం చెప్పేవాడు. దగ్గు మొదలైతే దుమ్ము దగ్గని అందరం తేలిగ్గా తీసుకున్నాం. తర్వాత ఒక ఆస్పత్రిలో కళ్లె పరీక్షలో ఏమీ తేలకపోయినా ఎక్స్‌రే చూసి టీబీ మందులు మొదలుపెట్టారు. కోర్సు మొత్తం వాడాడు. తగ్గలేదు. ఏం పని చేస్తావని అడిగితే కార్బైడ్ పని అని చెప్పాడట, డాక్టరుగారు మామిడిపళ్ల మండీ అనుకున్నారట. సీటీ స్కాన్ తీసి, ఎక్కడ ఏ మెషిన్ మీద ఏం చేస్తావని కూర్చోబెట్టి అడిగిన డాక్టరు దొరికేసరికి ఊపిరితిత్తులు చాలావరకు గట్టిపడిపోయాయి. ఆఖర్లో ఆక్సిజన్ సిలిండర్ లేకుండా నాలుగడుగులు వేయలేకపోయేవాడు. ఆయన పనిచేసిన షాపు ఓనరు చెడ్డవాడు కాదు, వైద్యానికి డబ్బు కూడా ఇచ్చాడు. సక్షన్ మాత్రం లేదు. అసలు పెట్టాలనే సంగతే ఎవరికీ తెలియదు.

మనం చేసే కొన్ని పనుల్ని ఇవాళే ఆపేయవచ్చు, వాటికి ఖర్చు లేదు. అన్నిటికన్నా ముందు ఎయిర్ గన్. సాయంత్రం మెషిన్ మీద, బట్టల మీద, తల మీద ఎయిర్ కొట్టుకుని ఇంటికెళ్లడం మనందరి అలవాటు. కిందపడి ఊరుకున్న పొడిని మళ్లీ గాలిలోకి లేపి, షాపులో ఉన్న అందరి ముక్కుల్లోకీ ఎక్కించే పని అది. దయచేసి ఆపించండి. తడిగుడ్డతో తుడవండి, లేదా సన్నటి ఫిల్టర్ ఉన్న వ్యాక్యూమ్ క్లీనర్ వాడండి. పొడిచీపురు కూడా వద్దు. పని బట్టలు షాపులోనే విడిచి వెళ్లే ఏర్పాటు చేయండి, ఇంట్లో పసిపిల్లల బట్టలతో కలిపి ఉతికించకండి. బెంచీ మీద టిఫిన్ బాక్స్ విప్పి తినడం, వీల్ పక్కన టీ గ్లాసు పెట్టుకోవడం కూడా ఆగాలి.

మూతికి రుమాలు కట్టుకుంటే సరిపోతుందని అనుకోకండి. ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లే రేణువులు రుమాలు అల్లికలోంచి దూరిపోతాయి. ఎన్95 మాస్కు మొహానికి సరిగ్గా అతుక్కుంటే కొంత కాపాడుతుంది, అదీ గడ్డం లేకుండా ఉంటేనే. ఎండాకాలం రేకుల షెడ్డులో రోజంతా మాస్కు పెట్టుకుని పని చేయమంటే ఎవరూ చేయలేరు, నేనూ చేయలేకపోయాను. కాబట్టి మాస్కు రెండో రక్షణే. మొదటిది సక్షన్.

సక్షన్ అంటే గోడకి ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించడం కాదు, దానివల్ల పొడి మనిషి మొహం మీదుగానే బయటికి పోతుంది. వీల్‌ని మూడు వైపులా కప్పే చిన్న హుడ్, పొడి ఎగిరే దిక్కులో నోరు తెరిచి, వీల్‌కి వీలైనంత దగ్గరగా ఉండాలి. నోరు దూరం జరిగేకొద్దీ లాగే బలం చాలా త్వరగా పడిపోతుంది. అక్కడినుంచి పైపు, బ్లోయరు, మంచి ఫిల్టరు. ఇది మన షాపుల్లో చేసుకోలేనంత పెద్ద పనేమీ కాదు. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచీ బాలానగర్‌లోనే ఉంది. మీ అసోసియేషన్లు వెళ్లి, చిన్న షాపుకి సరిపడే హుడ్ డిజైన్ ఒకటి చేసి ఇమ్మని అడిగితే బాగుంటుంది.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి, ఇక్కడ చాలా అయోమయం ఉంది. వేడెక్కిన వైడియా టిప్‌ని, అంటే పనిముట్టు మొనకి అతికించిన ముక్కని, నీళ్లలో ముంచితే పగులుతుందని మనకి మొదటిరోజే నేర్పుతారు, అది నిజం. అందుకే ఆకుపచ్చగా ఉండే గ్రీన్ వీల్ మీద నీళ్లు లేకుండానే సానపడతాం. కానీ డైమండ్ వీల్ మీద మొదటినుంచీ ఆగకుండా కూలెంట్, అంటే చల్లబరిచే ద్రవం, ధారగా పోస్తే టిప్ వేడెక్కదు, పగలదు, పొడి కూడా చాలావరకు అణుగుతుంది. ఆపి ఆపి తడపడమే ప్రమాదం. అలాగని కూలెంట్ పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండకండి, కోబాల్ట్ కూలెంట్‌లో కరుగుతుంది. నెలల తరబడి మార్చని కూలెంట్ తుంపర పీల్చినా అదే కోబాల్ట్ లోపలికి పోతుంది, చేతులకి దురదలు వచ్చేది కూడా ఎక్కువగా దానివల్లే. కోబాల్ట్ కరగకుండా చూసే కూలెంట్లు కార్బైడ్ గ్రైండింగ్ కోసమే అమ్ముతారు, అవి అడిగి తీసుకోండి, ఫిల్టర్ చేయించండి, వేళకి మార్చండి. టిప్ అతికించే సిల్వర్ బ్రేజింగ్ రాడ్‌లో కాడ్మియం లేనిదే కొనండి, ఆ పొగ వేరే పెద్ద ప్రమాదం, దాని గురించి ఇంకోసారి రాస్తాను.

ఖర్చు గురించి మీరు ఆలోచిస్తారని తెలుసు, ఆలోచించాలి కూడా. అరిగిపోయిన ఇన్సర్ట్‌లు, విరిగిన ఎండ్‌మిల్స్ స్క్రాప్‌కి మంచి ధర వస్తుందని మీకు తెలుసు. గ్రైండింగ్ పొడినీ కూలెంట్ అడుగున పేరుకున్న బురదనీ కూడా కొనేవాళ్లున్నారు, అందులో టంగ్‌స్టన్ తిరిగి తీస్తారు. ప్రపంచంలో తవ్వే టంగ్‌స్టన్‌లో దాదాపు 80 శాతం చైనాదే, 2025 ఫిబ్రవరిలో వాళ్లు దాని ఎగుమతులకి లైసెన్సులు పెట్టారు, ఆ తర్వాత ధరలు ఎలా ఎక్కాయో ఇన్సర్ట్‌లు కొనే ప్రతి ఒక్కరికీ తెలుసు. ఫిల్టర్లో పట్టిన పొడి అమ్ముకోవచ్చు, కుర్రాడి ఊపిరితిత్తుల్లో పట్టినదాన్ని తీయలేం.

బోరు బండ్ల ఓనర్లకి వేరుగా ఒక మాట. నల్లరాయిలో బటన్లు చదునైపోతే బండి పక్కనే కూర్చుని చేతి గ్రైండర్‌తో మళ్లీ గుండ్రంగా చేస్తుంటారు మీ కుర్రాళ్లు. అప్పటికే రాతిపొడి పీల్చి ఉంటారు, అందులో ఊపిరితిత్తుల్ని పాడుచేసే సిలికా ఉంటుంది, దానిపైన ఈ కోబాల్ట్. బటన్ ఆకారానికే చేసిన డైమండ్ కప్పుతో, నీళ్లు పారిస్తూ పట్టే గ్రైండర్లు ఉన్నాయి. బటన్ ఆకారం సరిగ్గా వస్తుంది కాబట్టి బిట్టు కూడా ఎక్కువ అడుగులు దిగుతుంది. ప్లైవుడ్ షాపులకి టీసీటీ బ్లేడ్లు, అంటే కార్బైడ్ పళ్లున్న రంపం బ్లేడ్లు, సానపట్టేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. వేరే దేశాల్లో ఈ జబ్బు దొరికినవాళ్లలో రంపం బ్లేడ్లు సానపట్టేవాళ్లు చాలామందే ఉన్నారు.

చట్టం సంగతి. ఇది కొత్తగా ఒప్పించాల్సిన జబ్బు కాదు. 1923 నాటి కార్మిక పరిహార చట్టం మూడో షెడ్యూల్లో, 1948 నాటి ఈఎస్ఐ చట్టం మూడో షెడ్యూల్లో హార్డ్ మెటల్స్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బులు పేరుపెట్టి ఉండేవి, 2025 నవంబరులో వాటి స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ మూడో షెడ్యూల్లోనూ ఉన్నాయి. అంటే వృత్తి వల్ల వచ్చిన జబ్బుగా పరిహారం పొందే హక్కు కాగితం మీద ఎప్పటినుంచో ఉంది. చిక్కు ఏమిటంటే మన షాపుల్లో నలుగురో ఐదుగురో ఉంటారు. ఫ్యాక్టరీ అనిపించుకోవాలంటే పాత ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కరెంటు వాడేచోట పది మంది ఉంటే సరిపోయేది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన వృత్తి భద్రతా కోడ్ ప్రకారం ఇరవై మంది ఉండాలి. ఈఎస్ఐకి పది మంది. మన కుర్రాళ్లు దేనిలోకీ రారు, ఇన్‌స్పెక్టర్ రాడు, కార్డు ఉండదు. అయినా దారి ఉంది. ఓనరు, పనివాళ్లలో ఎక్కువమంది ఒప్పుకుంటే స్వచ్ఛందంగా ఈఎస్ఐలో చేరే వీలు సామాజిక భద్రతా కోడ్‌లో పెట్టారు. ప్రమాదకరమైన పని అని కేంద్రం నోటిఫై చేస్తే ఒక్క మనిషి ఉన్న షాపుకి కూడా ఈఎస్ఐ వర్తిస్తుందని అదే కోడ్‌లో ఉంది. కార్బైడ్ గ్రైండింగ్‌ని ఆ నోటిఫికేషన్లో చేర్చమని అడగాల్సింది మనమే, మీ అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద వెళ్తే ఆ మాటకి బరువుంటుంది.

మీ షాపులో ఎవరికైనా దగ్గు మూడు వారాలు దాటితే, లేదా ఆదివారం, పండగ సెలవుల్లో తగ్గి సోమవారం మళ్లీ మొదలైతే, ఆ మనిషిని ముందు వీల్ దగ్గరనుంచి తప్పించండి. లేత్ మీద వేయండి, ప్యాకింగ్‌కి పెట్టండి, ఉద్యోగం మాత్రం తీసేయకండి, తీసేస్తారనే భయంతోనే కుర్రాళ్లు దగ్గు దాచుకుంటారు. తొందరగా తప్పిస్తే చాలామంది కోలుకుంటారు. టీబీ పరీక్ష తప్పకుండా చేయించండి, అది కాదని తేలితే అక్కడితో ఆగకుండా ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి పంపి, ఊపిరి పరీక్షా సీటీ స్కానూ చేయించండి. పంపేటప్పుడు ఒక కాగితం మీద ఇలా రాసివ్వండి: “ఇతను టంగ్‌స్టన్ కార్బైడ్, కోబాల్ట్ కలిసిన పనిముట్లు సానపడతాడు, ఇన్నేళ్లుగా చేస్తున్నాడు, పొడి పీలుస్తాడు, హార్డ్ మెటల్ జబ్బేమో చూడండి.” ఆ కాగితం మీద మీ షాపు ముద్ర వేయడానికి వెనకాడకండి. మా ఉస్తాద్ చేతిలో అలాంటి కాగితం ఉండుంటే టీబీ మందులతో అన్ని నెలలు పోయేవి కావు.

మీ అసోసియేషన్ తర్వాతి మీటింగ్‌లో ఈ విషయాన్ని ఎజెండాలో పెట్టండి. పిలిస్తే నేను వస్తాను, డబ్బులేమీ వద్దు. మీ మెషిన్ ఏదో చూసి హుడ్ నోరు ఎటువైపు ఉండాలో, పైపు ఎంత లావు పెట్టాలో, ఏ ఫిల్టర్ వేయాలో మీ ఫ్యాబ్రికేషన్ అతనితో కూర్చుని గీసి ఇస్తాను.

ఇట్లు,
మీలో ఒక టూల్ గ్రైండర్